నాలుగో మూల

మస్కట్ నగరం వాడి కబీర్ పేటలోని తన వర్క్‌షాపు వాకిట్లో, చుట్టచుట్టిన పాత ఫ్లెక్సీ పట్టను చేతుల్లో పెట్టుకొని వడ్రంగి వీరబ్రహ్మం నిలబడిపోయిన చోట పోయిన వారం మనం కథను విడిచాం. ఆ పట్టను తెచ్చినది లూర్దెస్. ఫిలిప్పీన్స్ దేశపు మనిషి. మబేలాలో ఒక ఒమానీ కుటుంబంలో కడప మహబూబీతో పాటు పనిచేస్తూ, ఆమె పక్కన కూర్చొని ఉల్లిగడ్డలు తరుగుతూ తరుగుతూ తెలుగు పట్టుకున్నది. తెలుగంటే కడప తెలుగే, అదీ మహబూబీ తెలుగే.

లూర్దెస్ తల్లి ఉండే ఊరు నది ఒడ్డున ఉన్నది. ఆ నదికి వరదగోడ కట్టి ముగించామని, ఆ ప్రాంతపు చట్టసభ ప్రతినిధి అర్సేనియో తన నవ్వుముఖంతో అచ్చు వేయించి ఊరంతా కట్టించిన పట్టల్లో ఇదొకటి. గోడ కంటికి కనబడుతూనే ఉన్నది. దాని పునాదిలో దిగవలసిన ఇనుము మాత్రం దిగలేదని, ఆ పనికి కూలికి పోయి, ఆ తరువాత మస్కట్ చేరిన వాళ్ళ ఊరి మేస్త్రీ ఒకడు ఈ మధ్యనే లూర్దెస్ చెవిన వేశాడు. నిరుడు తుఫానుగాలికి తల్లి ఇంటి కప్పు లేచిపోతే, ముసలామె ఈ పట్టనే కప్పుకొని వానలు గడిపింది. గోడ సంగతి దేవుడెరుగు. గోడ కట్టామన్న ప్రకటన మాత్రం ఆమెను తడవకుండా కాచింది. కొత్త రేకులు వేయించాక లూర్దెస్ దాన్ని, సెలవుకు ఊరికి పోయి వచ్చిన ఆ మేస్త్రీ చేతనే తెప్పించుకున్నది. ఇప్పుడా అర్సేనియో ప్రవాసులను పలకరించడానికి మస్కట్ వస్తున్నాడు. ఆ సభకు వేదిక కట్టే పని వీరబ్రహ్మానిది. “అన్నా, ఇది నీ స్టేజి ఎనక కట్టు. తెర లేస్తానే అందరూ చూడల్ల” అని లూర్దెస్ అడిగింది.

అతడు వెంటనే ఔననలేదు, కాదనలేదు. పట్టను రంపపుబల్ల మీద పరిచి, అంగవస్త్రం మీది ముడతలు సవరించినట్టు అరచేతితో సవరించాడు. పైన ప్రతినిధి ముఖం, గుమ్మడికాయంత. కింద నది ఒడ్డున వరుసగా నిలబడ్డ పెద్దమనుషులు. వరుస చివర అర్సేనియో మళ్ళీ ఉన్నాడు, ఎవరితోనో చెయ్యి కలుపుతూ. అవతలి చెయ్యి మణికట్టు దాకానే ఉన్నది. చేతి మనిషి లేడు. పట్టకు ఆ మూల లేదు.

“ఈ మూల ఏమైంది, లూర్దమ్మా?”

వీరబ్రహ్మం వాళ్ళ ఊళ్ళో లూర్దుమాత పేరు పెట్టుకున్న ఆడవాళ్ళను అట్లాగే పిలుస్తారు. ఈమెనూ ఆ పిలుపులోనే కలుపుకున్నాడు.

“కిటికీకి అడ్డం పెట్టేదానికి రామిల్ చించినాడేమో. మా తమ్ముడు. ఊళ్ళో మెంబరు వాడు.”

వీరబ్రహ్మం ఆ అంచును వేలితో తడిమి చూశాడు. చినిగినదానికి పీచు ఉంటుంది. దీనికి లేదు. ఆ మాట ఆమెకు చెప్పలేదు. ఇంకో మాట చెప్పవలసి ఉన్నది, ముందు అది చెప్పాడు.

“నేను కట్టనమ్మా.”

“ఏంటికన్నా?” అన్నది లూర్దెస్ వెంట వచ్చిన మహబూబీ, గడపలోనే నిలబడి. “భయమా?”

“భయం గూడా ఉండాది, దాచేదేముంది? అసలు సంగతి అది కాదు. వాళ్ళు చూపించిన బొమ్మ తప్ప ఇంకోటి నా వేదిక మీద ఉండదని ఈ మీటింగు పెట్టించే ప్రభాకర్ సారుకు మాటిచ్చినా. నమ్మి పనిచ్చినారు. నమ్మకం చెడగొట్టినోణ్ణి నిలదీసేదానికి, నేను ఇంకొకరి నమ్మకం చెడగొట్టల్నా?”

లూర్దెస్ పట్ట అంచును దగ్గరికి లాక్కున్నది. తరువాత మెల్లగా అన్నది: “మా యమ్మ ఆ గోడ పక్కనే పడుకుంటాది అన్నా. గుట్ట మీద చిన్నమ్మ ఇంటికి పొమ్మంటే పోదు. పెద్దమనిషి కట్టించినాడు, రామిల్ దగ్గరుండి చూసినాడు, నాకేం భయం అంటాది. వానలు మొదలైనాయి. ఆయప్ప నోటితో ఆయప్పే గోడ మంచిది కాదని చెప్తే, అప్పుడు కదులుతాది. నాకు ఇంకేమీ వద్దు. ఆ ఒక్క మాట కావల్ల.”

“అయితే నీ నోటితో అడుగు. నీ చేతుల్లో ఏముంటే అది నీది. నీ చేతులు పట్టుకునేదానికి నేనెవర్ని?”

పట్టను తిరిగి చుట్టి, ఊడిపోయిన కంతల్లో కొత్త రింగులు బిగించి ఆమె చేతికిచ్చాడు. పై అంచుకు రెండు, కింద ఒకటి. నాలుగో రింగుకు చోటు లేదు.

*

శుక్రవారం. జుమ్మా నమాజు ముగిసి హమ్రియా వీధులు కాస్త పలచబడిన వేళ. ఒక పాత హోటలు పై అంతస్తులో హాలు. పాటలకు, స్వాగతానికి మాత్రమే అనుమతి తీసుకున్నారు. ప్రశ్నోత్తరాల ఊసే లేదు. మేకులు ఏరించి, తివాచీ పరిపించి, కుర్రాళ్ళను కిందికి దిగమని, వీరబ్రహ్మం చెప్పులు విడిచి వేదిక నడుమకు పోయాడు. పాదాలు రెండూ దగ్గరగా చేర్చి, కళ్ళు మూసుకొని నిలబడ్డాడు.

అది వాళ్ళ ఇంటి ఆచారం. అతని తాతలు రథాలు చేసినవాళ్ళు, ఇళ్ళు నిలిపినవాళ్ళు. ద్వారబంధం ఎత్తితే, యజమాని కాలు పెట్టకముందే వడ్రంగి తన కన్నబిడ్డను దాని కింద నిలబెట్టి పైన అరచేత్తో చరచాలి. రథం చేస్తే దేవుడికంటె ముందు తానెక్కాలి. చేసినవాడి ప్రాణమే పనికి మొదటి పూచీ. పరదేశంలో కన్నబిడ్డలు లేరు గనుక, వీరబ్రహ్మం ప్రతి వేదిక మీదా తనను తానే నిలబెట్టుకుంటాడు. నిలబడి, నోటికి వచ్చిన పద్యమొకటి మెల్లగా అనుకుంటాడు. ఆనాడు వచ్చినది ఇది:

కట్టినట్టివాడు గట్టిగా నిలువగా
దైవమైన నెక్కు ధైర్యముగను
పేరు చెక్కి పోవు పెద్దల నమ్మిన
నీటిపాలుగాదె నిండు బతుకు

“మొదలుపెట్టినావా అన్నా?” కింద కుర్చీలు తుడుస్తున్న మహబూబీ తలెత్తింది. “నీ పద్యానికి మైకు గూడా పెట్టల్నా? ఆయప్ప స్పీచి ఎవురూ వినరు ఇంక.”

“నువ్వొక్కదానివి విన్యావు గదా, చాల్లే తల్లీ.”

వెనుక నుంచి చప్పట్లు వినిపించాయి. అనుకున్నదానికంటె ముందే ప్రతినిధి వచ్చేశాడు. బొమ్మలో కంటె పొట్టివాడు, అలసినవాడు. ముసలాయన ఏం చేస్తున్నాడని పక్కనున్న లూర్దెస్‌ను అడిగాడు. మెడలో దండ వేసే పని ఆమెకు అప్పగించారు గనుక ఆమె అక్కడే ఉన్నది. ఆమె తనకు తెలిసినంతలో ఆచారం వివరించింది. అర్సేనియో వీరబ్రహ్మం చెయ్యి పట్టుకొని ఊపి, “గొప్ప మాట, గొప్ప మాట” అన్నాడు ఇంగ్లీషులో. ఆ చెయ్యి మెత్తగా, వెచ్చగా ఉన్నది. చెడ్డవాడి చెయ్యి ఇట్లా ఉంటుందని చెప్పే గుర్తేదీ వీరబ్రహ్మానికి దొరకలేదు.

పక్కకు రాగానే ప్రభాకర్ చెవిలో నసిగాడు. “బ్రహ్మంగారూ, అంతా సవ్యంగానే ఉందిగా అండీ? ఏదన్నా మాటొచ్చిందంటే మీదే పూచీ. పర్మిషను నా పేరు మీద ఉంది మరి.”

“వేదిక మీద మీరు చెప్పిందే ఉంటాది సార్.”

హాలు నిండింది. ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు, నర్సులు, కాఫీషాపు కుర్రాళ్ళు. సెలవుపూట వేసుకునే మంచి బట్టల్లో, ఎదురుచూపుతో మెరిసే ముఖాలతో. పాట అయింది, ప్రార్థన అయింది, లూర్దెస్ పూలదండ వేసి దిగివచ్చింది. అర్సేనియో మాట్లాడసాగాడు. తమ భాషలో నవ్వించాడు, కంటతడి పెట్టించాడు. ఉన్నట్టుండి ఇంగ్లీషులోకి మారి వేలు చాపాడు.

“వేదిక మూలన నిలబడ్డ పెద్దాయనను చూడండి! ఈ వేదిక కట్టినది ఆయనే. తాను కట్టినదాని మీద ముందు తానే నిలబడాలట, అది వాళ్ళ తాతల నియమం. మిత్రులారా, నాయకుడంటే అదే. నేనూ అంతే. నేను కట్టినదాని మీద నేను నిలబడతాను!”

చప్పట్లతో కప్పు అదిరింది. వీరబ్రహ్మం తల వంచుకున్నాడు. పూజగదిలోని దీపపు కుందెను ఎవరో తీసుకుపోయి అంగట్లో పెట్టినట్టు అనిపించింది అతనికి. పరాయి నోట పడ్డ ఆ నియమంలో ఒక్క అక్షరం తప్పు లేదు. అదే అతన్ని మరీ బాధించింది.

చప్పట్లు ఇంకా ఆగకముందే ముందువరుసలో లూర్దెస్ లేచింది.

“అయితే నిలబడండయ్యా” అన్నది ఇంగ్లీషులో. మైకు లేదు. అయినా ఆ గొంతు హాలు చివరకు పోయింది.

ఆమె వేదిక ఎక్కలేదు. కుర్చీ కింద పెట్టుకున్న పట్టను తీసి, వేదిక ముందు నేలమీద నిలబడి విప్పింది. మహబూబీ పరుగున వచ్చి రెండో కొస అందుకున్నది. బురద చారికల నడుమ నుంచి అర్సేనియో ముఖం హాలును చూసి నవ్వింది. తీగలు లాగిన చోట చెంప చినిగి ఉన్నది. జనంలో గుసగుస లేచింది. పట్ట కింది అంచు మడతపడి పైకి చుట్టుకుపోతున్నది.

ప్రభాకర్ చెమటలు తుడుచుకుంటూ సైగ చేశాడు: తీయించెయ్, తీయించెయ్. వీరబ్రహ్మం మెట్లు దిగాడు. ప్రభాకర్ ఊపిరి పీల్చుకున్నాడు. వీరబ్రహ్మం వంగి, చుట్టుకుపోతున్న కింది మూలను పట్టుకొని చాపి నిలబడ్డాడు.

“బ్రహ్మంగారూ! ఏంటండీ ఇది?”

“వేదిక మీద ఏమీ లేదు సార్. ఇది నేల.”

లూర్దెస్ అడిగింది. అది ప్రసంగం కాదు. ఇంట్లో చుట్టాన్ని అడిగినట్టు అడిగింది. “ఈ గోడ పక్కన మా అమ్మ ఉంది. వానాకాలం ఒక్క రాత్రి మా ఇంట్లో పడుకుంటారా? చాప వేస్తాం, చేపల పులుసు పెడతాం. ఒక్క రాత్రి.”

ఎవరో నవ్వారు. ఆ నవ్వుకు తోడు దొరకక అదే ఆగిపోయింది. అర్సేనియో మైకును పక్కన పెట్టి మెట్లు దిగి వచ్చాడు. పట్టకు జానెడు దూరంలో నిలబడి తన ముఖాన్ని తాను చూసుకున్నాడు. ఆ చూపులో కోపం ఉంటుందేమోనని వీరబ్రహ్మం వెతికాడు. కోపం లేదు. చీకటింట్లో అద్దం ఎదురైనవాడి తడబాటు ఉన్నది.

“పడుకోను” అన్నాడు మెల్లగా, ఇంగ్లీషులో. పట్ట పట్టుకున్న ముగ్గురికి తప్ప ఎవరికీ వినిపించలేదు. “నేను పడుకోను. మీ అమ్మనూ పడుకోనివ్వకు.”

లూర్దెస్ కొస వదలకుండా అన్నది, “ఆ మాట మైకులో చెప్పండి.”

“చెబుతాను. కాని నేను ఇంజనీరును కాదు, తల్లీ. పునాది తవ్వేటప్పుడు నేను లేను. ఊరి తరఫున ఒకడు రోజూ దగ్గరుండి చూశాడు. అంతా సరిగ్గా ఉందని నాతో చెయ్యి కలిపి చెప్పాడు. ఊరివాడు, నది ఒడ్డువాడు, సొంత ఇల్లు అక్కడే ఉన్నవాడు. వాణ్ణి కాక ఎవరిని నమ్మను?” అతని కళ్ళు కిందికి జారి, లేని మూల దగ్గర ఆగాయి. “వాడు ఇక్కడ ఉండాలే! ఈ మూల ఎవరు కోశారు? రామిల్ అని, కుర్రవాడు. నువ్వు ఎరుగుదువా?”

అడగకూడని మనిషిని అడుగుతున్నానని అతనికి తెలియదు. తెలిస్తే అడిగేవాడు కాడేమో. లూర్దెస్ చేతిలోని కొస జారింది. మహబూబీ ఒక చేత్తో తన కొసనూ, రెండో చేత్తో లూర్దెస్‌నూ పట్టుకున్నది.

అర్సేనియో తిరిగి వేదిక ఎక్కాడు. మైకు చేతికి రాగానే వెనుకటి గొంతూ వచ్చింది. “ఈ చెల్లెలి కన్నీటికి జవాబు దొరుకుతుంది. ఇక్కడి నుంచే చెబుతున్నాను, విచారణ వేయిస్తాను!” హాలు మళ్ళీ చప్పట్లు కొట్టింది. పడుకోనన్న మాట మాత్రం మైకు దాకా రాలేదు. వాద్యాలు మొదలైనాయి.

వీరబ్రహ్మం పట్టను చుడుతూ ఆలోచించాడు. అందరూ నమ్మినవాళ్ళే. తల్లి కొడుకును నమ్మింది. ప్రతినిధి ఊరివాణ్ణి నమ్మానంటున్నాడు. ఊరు ప్రతినిధి ముఖాన్ని నమ్మింది. చేయీ చేయీ కలిపినవాళ్ళే అందరూ, కాలు మోపి చూసినవాడు ఒక్కడూ లేడు. నమ్మకం చేతులు మారే కొద్దీ బరువు తగ్గుతుంది కాబోలు. చివరకు దాన్ని మోసేది మాత్రం నది ఒడ్డున పడుకున్న మనిషి.

*

హోటలు వెనుక మెట్ల మీద ముగ్గురూ కూర్చున్నారు. ఎదుట బోడికొండ ఎండకు ఇంకా కాగుతున్నది. మహబూబీ కరక్ చాయ్ తెచ్చి చేతిలో పెట్టినా లూర్దెస్ తాగలేదు.

“తాగు మే. మా ఊళ్ళోనూ ఇదే కత. రోడ్డు లేదు, రోడ్డేసినోని ఫ్లెక్సీ ఉండాది. గుంతల్లో పడినప్పుడల్లా తలెత్తితే ఆయప్ప మొగమే కనపడతాది.” నవ్వించబోయి, నవ్వు రాక తానే గొంతు తగ్గించింది. “తమ్మునికి ఫోన్ చెయ్. అడిగెయ్. యా అల్లా, కడుపులో పెట్టుకోవాకు.”

“వాడే కోసినాడా అన్నా?” లూర్దెస్ వీరబ్రహ్మం వైపు తిరిగింది. “సిగ్గుపడి కోసినాడా?”

ఆనాడు దాచుకున్న మాటకు ఇప్పుడు వేళ వచ్చిందని అతనికి తోచింది.

“చించింది కాదమ్మా అది. కోసింది. ముఖానికి కత్తెర తగలకుండా, చుట్టూ కాస్త జాగా ఇడిచి కోసినారు. పారేసేవాళ్ళు అట్ల కోయరు. దాచుకునేవాళ్ళు కోస్తారు.”

లూర్దెస్ అతని ముఖంలోకి చూసింది. తరువాత తమ్ముడికి కాక తల్లికి ఫోన్ చేసింది. అక్కడ పొద్దుపోయింది. ఫోన్లో ముందు వినిపించినది మాట కాదు, కొత్త రేకుల మీద వాన. తరువాత ఒక ముసలి గొంతు. వాళ్ళ భాష వీరబ్రహ్మానికి తెలియదు. లూర్దెస్ ఒక చిన్న ప్రశ్న అడగడం, అవతల వాన ఒక్కటే పలకడం, ఆ తరువాత ముసలి గొంతు తొందరపడకుండా, జపమాల తిప్పుతున్నట్టు చాలాసేపు చెప్పడం విన్నాడు. లూర్దెస్ ఫోనును గుండెకు ఆనించుకున్నది.

“ఏమంటాది?” మహబూబీ ఆగలేకపోయింది.

“ఆ ముక్క మేరీమాత బొమ్మ ఎనక ఉండాదంట. అమ్మే కోసింది.” ఆమె తెలుగు ఒక్కొక్క మాటగా వస్తున్నది. “అమ్మకు తెలుసు. గోడలో ఇనుము లేదని మొదటి దినం నుంచి తెలుసు. రామిల్ ఏడ్సి చెప్పినాడంట.”

“తెలిసి గూడా ఆడే పడుకుంటాదా?”

“అమ్మ లేస్తే ఊరు లేస్తాది. మెంబరు తల్లే పోయింది, గోడ అబద్ధమంటారు. రామిల్‌ను బతకనియ్యరు. అందుకని...” లూర్దెస్ చాయ్ కప్పును మెట్టు మీద పెట్టింది. “ఒడ్డు మీద ఇండ్లన్నీ మా యమ్మ దీపం చూసి పడుకుంటాయి అన్నా.”

వీరబ్రహ్మానికి వేదిక మీద తాను నిలబడ్డ తీరు గుర్తుకు వచ్చింది. తన తాతలు కన్నబిడ్డను ద్వారబంధం కింద నిలబెట్టినది కొయ్య గట్టిదని తెలిసి. ఇక్కడ ఒక తల్లి, కొయ్య పుచ్చిందని తెలిసి, కొడుకు కోసం తనంతట తానే వచ్చి నిలబడింది. ఆమెను చూసి ఊరంతా ఆ ద్వారబంధం కిందికి వచ్చి పడుకున్నది. తన ఆచారానికి ఇటువంటి ముఖం ఉంటుందని అతడు ఏనాడూ అనుకోలేదు.

“దీపం ఆర్పమను తల్లీ” అన్నాడు. “ఇప్పుడే. ఆర్పి, చేతిలో పట్టుకొని గుట్టెక్కమను. అందరికీ కనపడేటట్టు.”

ఆర్పిన దీపం కాదు, అది ఆరడమే ఒడ్డంతా చూస్తుందని మహబూబీకి కూడా అర్థమైంది. లూర్దెస్ ఫోనును చెవికి పెట్టుకొని నోరు తెరిచింది. మాట బయటికి వచ్చేలోగా ఫోన్లో తలుపు తెరుచుకున్న చప్పుడు. వాన ఒక్కసారిగా ఇంట్లోకి వచ్చినట్టు హోరు. తల్లి గొంతు ఎవరినో వద్దని వారిస్తున్నది. ఆ హోరులో నుంచి, పరుగెత్తి వచ్చినవాడి ఆయాసంతో ఒక మగగొంతు ఫోన్లోకి దూరింది.

“ఆతె!”

వాళ్ళ భాషలో అది అక్కా అన్న పిలుపని వీరబ్రహ్మానికి తెలుసు. ఆ తరువాత రామిల్ చెప్పిన మాటలకు అర్థం అతనికి తెలియలేదు. “గోడ సంగతి అందరి ముందరా వాడే చెప్తాడంట” అంటూ లూర్దెస్ మెల్లగా లేచి, కొండ వైపు కాక, అర్సేనియో ఇంకా ఉన్న హాలు వైపు, ఫోనును మైకులా ముందుకు పట్టుకొని మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది.